ఆడవేషంలో మగవాణ్ని దాచని నటుడు: చార్లెస్ లడ్లమ్

చెన్నైలో నాటకాల మీద మమకారం ఉన్న తెలుగువారి మధ్య, ముఖ్యంగా టి.నగర్, మాంబళం వైపు స్థిరపడిన పాతతరం వారి మధ్య, పాశ్చాత్య రంగస్థలం మీద ఆడవేషం కట్టిన మగ నటుడి ప్రస్తావన వచ్చిందంటే చాలు, ఒకే మాట వినిపిస్తుంది: "అందులో కొత్తేముంది? మన స్థానం నరసింహారావు గారు ఎప్పుడో చేశారు కదా!" ఆ మాటలో గర్వం ఉంది, కొంత నిజమూ ఉంది. కానీ న్యూయార్క్ నాటకకర్త, నటుడు చార్లెస్ లడ్లమ్ (1943–1987) విషయంలో మాత్రం ఆ మాట దారి చూపకపోగా తప్పుదారి పట్టిస్తుంది. ఆయన చేసినది మన స్త్రీ పాత్రధారణ కాదు. ఈనాడు హిజ్రా, ట్రాన్స్ కళాకారులు వేదిక మీద చేస్తున్నదీ కాదు. పైకి ఒకేలా కనిపించే ఈ మూడింటినీ విడదీసి చూస్తే తప్ప ఆయన జీవితం మనకు అర్థం కాదు.

ముందుగా మన సంగతి. తెలుగు నాటకం వేదికకెక్కిన తొలిరోజుల్లో మగవాళ్లు ఆడపాత్రలు వేసింది ప్రయోగం కోసం కాదు, గత్యంతరం లేక. పరువుగల కుటుంబాల స్త్రీలు రంగస్థలం ఎక్కకూడదన్న కట్టుబాటు వల్ల ఆ ఖాళీని మగవాళ్లు నింపారు. కుటుంబమంతా నటులే అయిన సురభి సమాజాల్లో మాత్రం స్త్రీలు తొలినుంచీ వేషాలు కట్టారు, అవసరమైతే మగవేషాలు కూడా. మద్రాసులో 1891లో పమ్మల్ సంబంధ ముదలియార్ సుగుణ విలాస సభను స్థాపించడానికి ప్రేరణ, బళ్లారి నుంచి వచ్చి ధర్మవరం కృష్ణమాచార్యుల బృందం ఇక్కడ ఆడిన తెలుగు నాటకాలే. ఆ సభలోనూ నాయికలు మగవాళ్లే. స్థానం నరసింహారావు సత్యభామగా, చిత్రాంగిగా, రోషనారగా, మధురవాణిగా ప్రేక్షకులను ఏలారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామ సంగతి చెప్పనక్కర్లేదు. వీరందరి కళకు కొలమానం ఒక్కటే: చూసేవాడికి లోపలి మగవాడు ఎక్కడా గుర్తుకు రాకూడదు. నడకలో, చూపులో, పమిట సర్దుకునే తీరులో ఒక్క మగ పోకడ పొడచూపినా అది దోషమే. బళ్లారి రాఘవ వంటివారు ఆడపాత్రలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టి, స్త్రీలు వేదిక మీదికి రావడం మొదలయ్యాక, ఈ కళకు ఆధారమైన అవసరమే క్రమంగా తగ్గిపోయింది. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ ప్రారంభించిన వెంపటి చినసత్యం శిష్యురాళ్లు భామాకలాపం ఆడుతుంటే, సత్యభామ జడ మళ్లీ ఆడవాళ్ల వీపు మీదికే వచ్చింది.

లడ్లమ్ కాలపు న్యూయార్క్‌లో నటీమణులకు కొరత లేదు. ఆయన సొంత బృందంలోనే లోలా పాషలిన్స్కీ, బ్లాక్ ఐడ్ సూజన్ వంటి బలమైన నటీమణులు ఉన్నారు. అయినా నాయిక వేషం తానే కట్టాడంటే, అది కోరి చేసుకున్న ఎంపిక. ఎందుకు కోరుకున్నాడన్నదే అసలు ప్రశ్న.

న్యూయార్క్ నగరం పక్కనే ఉన్న లాంగ్ ఐలాండ్‌లో, ఫ్లోరల్ పార్క్ అనే చిన్న ఊరిలో ఆయన పుట్టాడు. చిన్నతనంలో ఒక తిరునాళ్లలో తల్లి చేయి వదిలి తప్పిపోయి, ఒక బొమ్మలాట గుడారం ముందు, ఆపై వింత మనుషులను చూపించే గుడారం ముందు నిలబడిపోయానని ఆయన తరువాత చెప్పుకునేవాడు. నటులు తమ బాల్యం గురించి చెప్పుకునే కథలను నేను అంతగా నమ్మను, అవి వెనక్కి తిరిగి చూసి అల్లుకున్నవిగా ఉంటాయి. కానీ 1975లో ఆయన పిల్లల కోసం ఒక బొమ్మలాట రాసి, బొమ్మలన్నీ తానే ఆడించి, గొంతులన్నీ తానే పలికాడన్నది వాస్తవం కాబట్టి ఈ కథను పూర్తిగా కొట్టిపారేయలేం. హైస్కూల్లో ఉండగానే ఒక చిన్న నాటక బృందం నడిపాడు. హాఫ్‌స్ట్రా విశ్వవిద్యాలయంలో నాటక విద్య చదువుతున్నప్పుడు, అతి నటన చేస్తున్నావు, నటన వదిలి రచన, దర్శకత్వం వైపు వెళ్లు అని అధ్యాపకులు సలహా ఇచ్చారు. అప్పటి అమెరికన్ నటనాశిక్షణ అంతా సహజత్వం చుట్టూ తిరిగేది, మనసులోని బాధ కనుకొలకుల్లో మాత్రమే కనబడాలి, చేయి భుజం దాటి పైకి లేవకూడదు అన్నట్టు ఉండేది. లడ్లమ్ ఆ 'అతి'ని వదులుకోలేదు. దాన్నే ఒక పద్ధతిగా మలచుకున్నాడు.

1960ల మధ్యలో న్యూయార్క్‌లో ప్రధాన స్రవంతి నాటకశాలలకు దూరంగా, కాఫీ హోటళ్లలో, చర్చి హాళ్లలో, పై అంతస్తు గిడ్డంగుల్లో సాగుతున్న నాటకోద్యమంలో జాన్ వాకారో అనే దర్శకుడు, రోనాల్డ్ టావెల్ అనే రచయిత కలిసి ప్లే-హౌస్ ఆఫ్ ది రిడిక్యులస్ నడుపుతున్నారు. 1966లో లడ్లమ్ అందులో నటుడిగా చేరాడు. వెలుగు తగ్గిన పాత సినిమా తారగా ఆడవేషం కట్టి, రాసిన సంభాషణలు పక్కనపెట్టి ఆశువుగా సాగించిన నటనతో అందరి కళ్లలో పడ్డాడు. మరుసటి ఏడాదే సొంత నాటకాలు రాయడం మొదలుపెట్టాడు. 1967లో వాకారోతో చెడింది. రిహార్సళ్ల మధ్యలో వాకారో ఆయనను తీసేయగా, ఆయనతో పాటు మరికొందరు నటులు బయటికి నడిచారు. నాటకం హక్కులు వాకారో దగ్గర ఉండిపోవడంతో, అదే నాటకాన్ని లడ్లమ్ మరో పేరుతో, కొత్తగా పెట్టిన తన రిడిక్యులస్ థియేట్రికల్ కంపెనీ తరఫున ఆడాడు. కొంతకాలం ఒకే నగరంలో ఒకే నాటకం రెండు పేర్లతో పోటాపోటీగా సాగింది. సమాజాలు చీలి ఒకే నాటకాన్ని ఎదురెదురుగా ఆడిన చరిత్ర తెలిసిన తెలుగువారికి ఇందులో ఆశ్చర్యపడాల్సింది ఏమీ లేదు.

తొలి ఏళ్లలో ఈ బృందంలో ఎవరికీ జీతాలు లేవు. సినిమా హాలులో ఆఖరి ఆట అయ్యాక అర్ధరాత్రి తెర ఎత్తేవారు. 1970లో వచ్చిన 'బ్లూబియర్డ్' నాటకాన్ని ఒక బారులో ఆడారు, మద్యం పోసే బల్ల మీద పలకలు పరిచి దాన్నే రంగస్థలం చేశారు. స్త్రీపురుష జాతులు రెండూ చాలవని, శస్త్రచికిత్సతో మూడో జాతిని సృష్టించబోయే ఒక పిచ్చి శాస్త్రవేత్త కథ అది. నీలిరంగు గడ్డంతో ఆ పాత్ర వేసింది లడ్లమే. పెద్ద పత్రికల విమర్శకులు మొదటిసారి వెతుక్కుంటూ వచ్చి చూసినది ఈ నాటకమే.

ఆయన రచనా పద్ధతి గురించి ఒక అపోహ ఉంది. పాత హాలీవుడ్ సినిమాలు, షేక్స్‌పియర్, ఒపేరాలు, చవకబారు నవలలు, వ్యాపార ప్రకటనలు, వీటన్నిటి నుంచి వాక్యాలు కోసి అతికించి నవ్విస్తాడు కాబట్టి ఇది కేవలం పేరడీ అని చాలామంది అనుకుంటారు. తొలి నాటకాలకు ఆ మాట కొంతవరకు సరిపోతుంది. అవి ఇవాళ చదివితే అలసట కలిగించేంత గందరగోళంగా ఉంటాయని ఒప్పుకోవాలి. కానీ తరువాతి నాటకాల్లో ఆయన ఆశయం వేరు. రసజ్ఞులు తుక్కు అని పారేసిన దాన్ని తెచ్చి, వెక్కిరించకుండా, దాని లోపల మిగిలి ఉన్న అసలు భావాన్ని బయటికి తీయడం ఆయన చేసిన పని. ఎవరైనా తన ఆదర్శాలకు తానే వెక్కిరింతగా కనబడకపోతే, ఆ ఆదర్శాలు మరీ కింద పెట్టుకున్నాడని అర్థం అంటూ ఆయన తన ప్రణాళికలో రాసుకున్నాడు. నవ్వులపాలు కావడానికి సిద్ధపడినవాడే గొప్ప భావాన్ని ముట్టుకోగలడన్న నమ్మకం అందులో ఉంది.

ఆ నమ్మకం అన్నిటికంటే స్పష్టంగా కనబడేది 1973లో వచ్చిన 'కమీల్' నాటకంలో. అలెగ్జాండర్ డ్యూమా (కుమారుడు) కథకు అది ఆయన చేసిన రూపం. క్షయరోగంతో మరణించబోతున్న వేశ్య మార్గరీట్, ప్రియుడి కుటుంబ గౌరవం కోసం తన ప్రేమను తానే తెంచుకుంటుంది. గ్రేటా గార్బో 1936లో ఇదే పాత్రను తెర మీద చిరస్మరణీయం చేసింది. లడ్లమ్ మార్గరీట్ వేషం ఇలా ఉండేది: ఉంగరాల జుట్టు విగ్గు, పొడవాటి గౌను, చేతిలో రుమాలు. ఆ గౌనుకు మెడ చాలా కిందికి కోసి ఉండేది. అక్కడ తెల్లని వక్షస్థలం ఉండాల్సిన చోట నల్లని ఛాతీ వెంట్రుకలు గుబురుగా కనబడేవి. ఆయన వాటిని గీయించుకోలేదు, పౌడరుతో కప్పలేదు, లోపల మెత్తలు పెట్టుకోలేదు.

ప్రవేశించగానే హాలంతా నవ్వేది. నవ్వకుండా ఎవరు ఉండగలరు? కానీ ఆ తరువాత ఆయన నటన ఆ నవ్వుకు లొంగేది కాదు. కన్నుగీటడం, 'నేను మగవాణ్నే, చూశారా' అన్నట్టు ప్రేక్షకుల వైపు తిరగడం చేసేవాడు కాడు. మార్గరీట్ ప్రేమించినప్పుడు పూర్తిగా ప్రేమించేవాడు, త్యాగం చేసినప్పుడు గుండె పగిలేలా చేసేవాడు. ఆఖరి అంకంలో ఆమె చనిపోయేటప్పుడు, గంట క్రితం పగలబడి నవ్విన ప్రేక్షకులే ఏడ్చేవారని చూసినవారు రాశారు. ఛాతీ వెంట్రుకలు అప్పుడు కూడా అక్కడే ఉండేవి.

స్థానం వారి మధురవాణికీ లడ్లమ్ మార్గరీట్‌కీ తేడా ఇక్కడ ఉంది. ఇద్దరూ వేశ్యా పాత్రలు వేసిన మగ నటులే. మధురవాణిని చూస్తున్న ప్రేక్షకుడు నటుణ్ని మరిచిపోతాడు, మరిచిపోయేలా చేయడమే ఆ నటుడి సామర్థ్యం. మార్గరీట్‌ను చూస్తున్న ప్రేక్షకుడు నటుణ్ని మరిచిపోలేడు, మరిచిపోనివ్వరు. అయినా ఆ పాత్ర కోసం కన్నీరు పెట్టాల్సి వస్తుంది. మొదటి కళలో పని అంతా నటుడిది, రెండో దానిలో సగం పని ప్రేక్షకుడి మీద పడుతుంది. ఆడతనం అనేది ఒంట్లో పుట్టినదా, నేర్చుకుని కట్టుకున్నదా అన్న ప్రశ్న ఉపన్యాసం లేకుండానే అతడి ఎదుట నిలబడుతుంది. ఏది గొప్ప అన్నది నన్నడిగితే, నైపుణ్యంలో స్థానం వారిదే పైచేయి అంటాను. సాహసం మాత్రం లడ్లమ్‌దే.

మగవాడు ఆడవేషం వేసి నవ్వించడం స్త్రీలను కించపరచడమే కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. మన సినిమాల్లో, టీవీ హాస్య కార్యక్రమాల్లో చీరకట్టిన మగవాడి మీద వేసే జోకుల్లో తొంభై పాళ్లు ఆ కోవలోవే. లడ్లమ్ దగ్గర నవ్వు పుట్టేది స్త్రీ మీద కాదు, స్త్రీగా మారడానికి ఒక మగ శరీరం పడే ప్రయాస మీద. ఆ పాత్ర గౌరవానికి లోటు రాదు. 1984లో పిట్స్‌బర్గ్‌లో, నార్వే నాటకకర్త ఇబ్సెన్ పేరు మీద నడిచే ఒక నాటక సంస్థ, ఇబ్సెన్ నాయిక హెడ్డా గాబ్లర్ పాత్రను లడ్లమ్‌కు అప్పగించిందంటే, ఆయన ఆడవేషాన్ని కేవలం విదూషకత్వంగా చూడనివారు అప్పటికే ఉన్నారన్నమాట. అంతకు ముందటి ఏడాది ఒపేరా గాయని మరియా కాలస్ జీవితం ఆధారంగా రాసిన 'గాలాస్'లో నాయిక పాత్ర కూడా ఆయనే వేశాడు.

ఇదంతా చట్టం నీడలో జరిగిందని గుర్తుంచుకోవాలి. 1960ల న్యూయార్క్‌లో మారువేషాలను నిషేధించే 19వ శతాబ్దపు చట్టాన్ని పట్టుకుని, ఆడదుస్తుల్లో వీధిలోకి వచ్చిన మగవాళ్లను పోలీసులు అరెస్టు చేసేవారు. స్వలింగ సంపర్కుల బార్ల మీద దాడులు మామూలే. 1969 జూన్‌లో స్టోన్‌వాల్ ఇన్ అనే బారు మీద జరిగిన అలాంటి దాడికి ఎదురు తిరిగిన అల్లర్ల నుంచే అమెరికా స్వలింగ సంపర్కుల హక్కుల ఉద్యమం ఉధృతమైంది. 1978 నుంచి లడ్లమ్ బృందానికి స్థిర నివాసమైన వన్ షెరిడన్ స్క్వేర్ నాటకశాల ఆ బారుకు కూతవేటు దూరంలోనే ఉంది. అది నేలమాళిగ, ఒకప్పటి కెఫే సొసైటీ నైట్‌క్లబ్. నల్లవారూ తెల్లవారూ కలిసి కూర్చునే ఆ క్లబ్బులోనే 1939లో బిల్లీ హాలిడే నల్లవారిని చెట్లకు ఉరితీసే దారుణం మీద తన ప్రసిద్ధ గీతాన్ని మొదట పాడింది. లడ్లమ్ స్వలింగ ప్రియుడు, ఆ సంగతి దాచుకోలేదు. 1975లో పరిచయమైన ఎవరెట్ క్విన్టన్ ఆయనకు జీవిత సహచరుడు, నటుడు, బృందానికి దుస్తులు కుట్టేవాడు కూడా. అలాగని తన నాటకాలను ఉద్యమ నాటకాలు అంటే లడ్లమ్‌కు నచ్చేది కాదు. ప్రధాన స్రవంతికి దూరంగా ప్రయోగాలు చేసేవాడిగా పేరుపడ్డ ఈయన నిజానికి పాతకాలపు పనివాడు. తెర, రంగు రంగుల దృశ్య పటాలు, ఒకే బృందం ఏళ్ల తరబడి కలిసి ఉండి నాటకాలను మార్చి మార్చి ఆడటం, రచన, దర్శకత్వం, ప్రధాన పాత్ర ఒక్కరే మోయడం, ఇవన్నీ ఆయన కోరుకున్నవి. ఆ రకంగా చూస్తే ఆయన న్యూయార్క్ ప్రయోగ చిత్రకారుడు ఆండీ వార్హోల్ కంటే మన సురభి వారికే దగ్గర.

ఆ పనితనం పరాకాష్ఠకు చేరింది 1984లో వచ్చిన 'ది మిస్టరీ ఆఫ్ ఇర్మా వెప్'లో. దయ్యాలు, తోడేలు మనిషి, ఈజిప్టు సమాధులు ఉన్న ఈ భయానక హాస్య నాటకంలోని పాత్రలన్నిటినీ, ఆడ, మగ, జంతువు తేడా లేకుండా, లడ్లమ్, క్విన్టన్ ఇద్దరే వేశారు. యజమానురాలు ఒక ద్వారం గుండా లోపలికి వెళ్తుంది, కొన్ని క్షణాల్లో అదే నటుడు మరో ద్వారం గుండా కుంటి కాలు సేవకుడిగా బయటికి వస్తాడు. వెనక చీకట్లో దుస్తులు మార్చే సహాయకులు కాచుకుని ఉంటారు. వీపు వెనక నిలువునా తెరుచుకునేలా కుట్టిన గౌను ఒక్క లాగుడుకు ఊడి వస్తుంది. విగ్గు తీస్తుండగానే నటుడు పాత గొంతుతో చివరి మాట లోపలి నుంచి అరిచి, తరువాతి మాటను కొత్త గొంతుతో వేదిక మీద పలకాలి. ఒక్క గుండీ జారితే నాటకం ఆగిపోతుంది. ఆయనకు విమర్శకుల మెప్పుతో పాటు డబ్బు కూడా తెచ్చిపెట్టినది ఇదే. ఆయన మరణానంతరం ఇది అమెరికాలో విరివిగా ఆడిన నాటకాల్లో ఒకటైంది, బ్రెజిల్‌లో ఏళ్ల తరబడి ఆగకుండా ఆడింది. దీన్ని ఆడాలనుకునేవారికి పెట్టిన షరతు చూడండి: నటులిద్దరూ ఒకే లింగానికి చెందినవారై ఉండాలి. ఒక మగ, ఒక ఆడ నటులు పాత్రలు పంచుకుంటే ఎవరి వేషాలు వారికి సరిపోయి నాటకం చచ్చిపోతుందని ఆ షరతు పెట్టినవారికి తెలుసు.

1986 చివరలో లడ్లమ్‌కు ఎయిడ్స్ ఉన్నట్టు తేలింది. మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సాలమన్ బృందం భారతదేశంలో తొలి హెచ్‌ఐవీ కేసులను గుర్తించినదీ అదే ఏడాది. అప్పటికి దానికి మందు లేదు. సెంట్రల్ పార్కులో షేక్స్‌పియర్ నాటకానికి దర్శకత్వం వహించే పిలుపు, మాంత్రికుడు హౌడినీ మీద సగంలో ఉన్న కొత్త నాటకం అలా ఉండగానే, 1987 మే 28న నలభై నాలుగేళ్ల వయసులో ఆయన కన్నుమూశాడు. న్యూయార్క్ టైమ్స్ ఆ వార్తను మొదటి పేజీలో వేసింది. మద్యం బల్ల మీద నాటకాలు ఆడినవాడికి ఆ గౌరవం దక్కడానికి పదిహేడేళ్లు పట్టింది. ఆయన బృందంలో విగ్గులు తయారుచేసి, నటించి, తరువాత క్లియోపాత్ర తరహా చారిత్రక నాయికల మీద సొంత నాటకాలు రాసి అకార్డియన్ వాయిస్తూ ఒంటరిగా ఆడిన ఎథిల్ ఐకల్‌బర్గర్ కూడా ఆ జబ్బు కాలంలోనే, 1990లో ప్రాణం తీసుకున్నాడు. ఆ తరం న్యూయార్క్ రంగస్థలం ఎంత ఖాళీ అయిపోయిందో ఈ రెండు మరణాలు కొంత చెబుతాయి. కంపెనీని క్విన్టన్ 1990ల చివరి దాకా నడిపించి మూసేశాడు.

ఇక మూడో ముడి. లడ్లమ్‌ను ఈనాటి ట్రాన్స్ ఉద్యమానికి పూర్వీకుడిగా చెప్పడం ఈమధ్య పరిపాటి అయింది. అది పూర్తిగా సరికాదు. ఆయన తనను స్త్రీగా ఎన్నడూ చెప్పుకోలేదు, ఆయన హాస్యం మొత్తం 'ఈ గౌను నాది కాదు' అన్న వాస్తవం మీద నిలబడింది. చెన్నైలో రంగస్థల దర్శకురాలు ఎ.మంగై కణ్ణాడి కలై కుళు అనే బృందం ద్వారా తిరునంగైలతో (ట్రాన్స్ మహిళలతో) కలిసి చేసిన నాటకాల్లో, 2014లో లివింగ్ స్మైల్ విద్య మరికొందరితో కలిసి మొదలుపెట్టిన పన్మై థియేటర్ ప్రదర్శనల్లో సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. వారి ఒంటిమీది చీర వేషం కాదు, అది వారిదే. బలవంతాన వేయించిన వేషం ఏదైనా ఉంటే అది చిన్నప్పుడు ఇంట్లో తొడిగిన మగపిల్లాడి చొక్కా. నామక్కల్ ప్రాంతం నుంచి వచ్చి, బెంగుళూరులో హక్కుల సంస్థలో పనిచేసి, తన జీవితకథను రాసి, దాన్నే తరువాత వేదిక మీద తానే ఆడిన ట్రాన్స్ రచయిత్రి ఎ.రేవతి తెలుగువారికి కొత్త కాదు. ఆ ఆత్మకథకు పి.సత్యవతి చేసిన తెలుగు అనువాదం 2019 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం అందుకుంది. అక్కడ ప్రేక్షకుడు నటనను మెచ్చుకోవడానికి రాడు, సాక్ష్యం వినడానికి వస్తాడు. మన స్త్రీ పాత్రధారులను, లడ్లమ్‌ను, ఈ ట్రాన్స్ కళాకారులను ఒకే గాటన కట్టి 'ఆడవేషాల వాళ్లు' అనడంలో అన్యాయం ఎక్కువ జరిగేది ట్రాన్స్ కళాకారులకే. 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మూడో లింగాన్ని గుర్తించిన తరువాత కూడా వీరికి అద్దె ఇల్లు దొరకడం కష్టమే. ఆడవేషం కట్టే పురుష నటుడికి ఆ కష్టం లేదు, మేకప్ తుడుచుకుని ఇంటికి వెళ్లిపోతాడు.

లడ్లమ్ నాటకాలను తెలుగులో ఎవరైనా ఆడవచ్చా అంటే, ఉన్నది ఉన్నట్టుగా తెస్తే అవి నిలవవనే అనుకుంటాను. ఇంగ్లండు బీడుభూముల్లో తిరిగే తోడేలు మనిషి మనకు నవ్వూ తెప్పించడు, భయమూ తెప్పించడు. కానీ ఆయన పద్ధతికి కావలసిన ముడిసరుకు మన దగ్గర, ముఖ్యంగా చెన్నైలో, కుప్పలుగా ఉంది. ఇక్కడి స్టూడియోల్లోనే బి.విఠలాచార్య తీసిన జానపద సినిమాల దయ్యాలు, ఎగిరే కపాలాలు, ముని శాపాలు ఉన్నాయి. పద్యం ఎత్తుకుని రాగం తీస్తే 'వన్స్‌మోర్' అనిపించుకున్న పౌరాణిక నాటకాలు ఉన్నాయి. 'ఇర్మా వెప్'ను ఈ సరుకుతో తిరగరాస్తే, జమీందారు, రెండో భార్య, గుడ్డి వంటవాడు, సమాధిలోంచి లేచిన మొదటి భార్య, వీరందరినీ పద్యాలు పాడగల ఇద్దరు నటులు మీసం తీయకుండా వేయాలి. అసలు కష్టం మీసం దగ్గర రాదు, గొంతు దగ్గర వస్తుంది. హార్మోనియం మీద ఆడ శ్రుతిలో పద్యం మొదలుపెట్టి, తెర పక్కకు వెళ్లి, ముప్పై సెకన్లలో మగ శ్రుతిలో జవాబు పద్యం అందుకోగల నటులు ఇప్పుడు పద్యనాటక పరిషత్తుల పోటీల్లోనే దొరకాలి.